యాడికీ పోదన్నా

మొన్న ఆదివారం మా ధర్మవరం శాఖా గ్రంథాలయంలో ఒక వారపత్రిక తిరగేస్తూ వ్యాపారం పేజీ దగ్గర ఆగిపోయాను. కంపెనీ నడపడానికి కావలసిన సాఫ్ట్‌వేరును సొంత కంప్యూటర్లో పెట్టుకోకుండా, ఎక్కడో దూరాన ఉన్న పెద్ద యంత్రాలలో ఉంచి ఇంటర్నెట్ ద్వారా వాడుకుంటే ఎన్ని లాభాలో చెప్పే వ్యాసం అది. దీన్ని ఇప్పుడు క్లౌడ్, అంటే మబ్బు, అంటున్నారట. వాన కోసం మెడలు నొప్పి పుట్టేదాకా ఆకాశం చూసే జిల్లాలో ఆ పేరు మీద నవ్వులాట ఆడటం ఎవరికైనా వస్తుంది. నేను ఆ పని చేయను. నన్ను ఆపింది ఆ పేరు కింద ఉన్న వాక్యాలు.

సొంత యంత్రం కాలిపోయినా సమాచారం పోదని రాశారు. రెండు ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఒకే సరుకు లెక్కను ఒకేసారి చూసుకోవచ్చని రాశారు. యజమాని ఊళ్ళో లేకపోయినా పని ఆగదని రాశారు. రాసినాయన ఎవరో నాకు తెలియదు. కానీ ఆ వాక్యాలన్నీ కొన్నేళ్ళ కిందటే, వేరుశనక్కాయలు వలుస్తూ మాట్లాడే ఒక మనిషి నోట విన్నాను. ఆయన భాషలో ఆ వ్యాసమంతా కలిపి ఒక్క మాట.

"యాడికీ పోదన్నా. ఆడుండేది ఆడే ఉంటాది."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు మింగుడుపడనిది అదే.

ఆయన గురించి చెప్పాలంటే ముందు మా వ్యాపారం పద్ధతి చెప్పాలి. నేను పెద్దన్న కొట్టులో గుమస్తాని. పెద్దన్న అంటే నా తోబుట్టువు కాదు, మా యజమాని. ఊరంతా ఆయన్ను అలాగే పిలిచేది. పట్టుచీరల వ్యాపారం. పట్టు, జరీ మేమిస్తాం. నేతగాళ్ళు తమ ఇళ్ళలో తమ మగ్గాల మీద నేసి చీర తెచ్చిస్తారు, కూలి తీసుకుంటారు. కొనడానికి ఎంత దూరం నుంచి ఎవరొచ్చినా, చీర మడత విప్పి చూసి "ఎవరు నేసినారు?" అని అడిగితే మేము ఇచ్చే జవాబు ఒకటే: "మా ఇంటి చీరే." నేతగాడి పేరు చెప్పం, వీధి చెప్పం. ఆ నేసిన మనిషి అక్కడే చాప మీద కూర్చుని టీ తాగుతున్నా చెప్పం. అతనూ తలెత్తడు. పట్టు బజారులో దొరుకుతుంది, జరీ దొరుకుతుంది, డిజైను ఒకసారి బయటికొస్తే ఎవడైనా చూసి గీసుకుంటాడు. ఎవరి చేయి ఏ పనికి వంగుతుందో తెలిసి ఉండటమే అసలు వ్యాపారం. పెద్దన్నకు చెప్పుకోదగ్గ ఆస్తి అదొక్కటే ఉండేది.

ఇంకొక మర్యాద కూడా ఉంది. మగ్గం మీదికి ఎక్కించే నిలువు పోగుల చుట్టను వార్పు అంటాం. ఒక వార్పు మీద మూడో నాలుగో చీరలు దిగుతాయి. ఒకరి వార్పు మగ్గం మీద ఉన్నంతకాలం ఇంకొక వ్యాపారి ఆ గడప తొక్కడు. వార్పు అయిపోయి కొత్తది ఎక్కేలోపు మాత్రం నేతగాడు ఎవరి మనిషీ కాదు. అప్పుడు ఎవరు ముందు వస్తే వాళ్ళతో మాట్లాడతాడు, అందులో తప్పు లేదు. అందుకని ప్రతి వ్యాపారీ తన మగ్గాలలో ఏది ఎప్పుడు ఖాళీ అవుతుందో కడుపులో పెట్టుకుని తిరుగుతాడు.

ఆ శనక్కాయల మనిషి పామిడి దగ్గర పుట్టి, బెంగళూరులో చిన్న కంప్యూటర్ కంపెనీలో చేరినవాడు. ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా తెరుస్తున్న కాలంలో, ప్యాసింజర్ రైలు దిగి, సంచిని వీపు మీద కాకుండా కడుపు మీద వేలాడదీసుకుని మా కొట్టుకొచ్చాడు. సంచిలో ఒక పక్క కాగితాలు, ఒక పక్క శనక్కాయలు. మాట మొదలుపెట్టడానికి ముందు కాయలు తీసి బల్ల మీద పోసేవాడు. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి వలిచి, గింజలు ఎదుటివాడి చేతిలో పెట్టి, తొక్కలు తన చొక్కా జేబులో వేసుకునేవాడు. ఎవరి ఇంట్లోనూ నేల మీద తొక్క పడనిచ్చేవాడు కాదు. సాయంత్రానికి ఆ జేబు పిచ్చుక గూడులా ఉబ్బి ఉండేది. మా నేతగాళ్ళ ఆడవాళ్ళు ఆయన్ను జేబాయప్ప, అంటే జేబు మనిషి, అనేవారు. ఆయనకు తెలుసు, నవ్వేవాడు.

ఎక్కడైనా నీళ్ళిస్తే అర గ్లాసే తాగేవాడు. నిండుగా ఇస్తే సగం తిరిగి బిందెలో పోయమని ముందే చెప్పేవాడు. మా ఊళ్ళో ట్యాంకరు వచ్చే రోజు ఆడవాళ్ళు వీధిలో ఎలా నిలబడతారో ఆయన చూశాడు. "ఎట్ల తెచ్చుకుంటాండారో చూస్తానే ఉండా కదక్కా" అనేవాడు. బెంగళూరు నుంచి వచ్చినవాడు అలా అంటే ఏ ఇల్లాలికి ఇష్టం పుట్టదు? మగ్గం ఉన్న గది బయట చెప్పులు విప్పడం మామూలే. ఆయన ఇంటర్నెట్ సెంటర్లోకి కూడా చెప్పులు విప్పి పోయేవాడు. కుర్రాళ్ళు నవ్వితే "ఇదీ మగ్గమేరా అబ్బీ" అనేవాడు.

ఆ మాట నాది.

అది చెప్పాలి. నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. కొట్టు మూసిన తర్వాత నేరుగా గ్రంథాలయానికి పోయేవాణ్ణి. సైన్సు, చరిత్ర, ఎవరూ విప్పని విజ్ఞాన సర్వస్వాలు, చెదలు తినగా మిగిలిన పాత సంచికలు, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. కొట్టులో అది ఒక ఎగతాళి. నన్ను లైబ్రరీ అని పిలిచేవారు. ఆయన ఒక్కడే మొదటి రోజు నన్ను పక్కకు తీసుకుపోయి, "ఏం చదువుతాండావన్నా ఇప్పుడు?" అని అడిగాడు. నా జీవితంలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన. నేను అప్పుడే చదివిన సంగతి చెప్పాను. మా జకార్డు మగ్గం మీద డిజైను కోసం రంధ్రాలు కొట్టిన అట్టలు తిరుగుతాయి కదా, రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. తొలినాళ్ళ లెక్కల యంత్రాలు ఆ అట్టల పద్ధతినే తీసుకున్నాయని ఒక పుస్తకంలో ఉంది. ఆయన శనక్కాయ వలవడం ఆపేశాడు. "నిజమాన్నా?" అని రెండుసార్లు అడిగాడు. నన్ను మా పక్కింటి మగ్గం దగ్గరికి తీసుకుపొమ్మని, ఆ అట్టలను చేత్తో తడిమి చూశాడు.

మరుసటిసారి వచ్చినప్పుడు ఇంకొక వ్యాపారి దగ్గర కూర్చుని, "మీ అట్టలే అన్నా కంప్యూటర్‌కు తాత" అని చెప్తున్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఎవరు చెప్పారని వ్యాపారి అడగలేదు, ఆయన చెప్పలేదు. నావైపు చూసి ఒక కన్ను మూశాడు. నాకు గర్వంగానే అనిపించింది. నా మాట ఊళ్ళో తిరుగుతోంది, నా దగ్గర నుంచి పోయిందేమీ లేదు అనుకున్నాను.

పెద్దన్నను ఒప్పించడానికి ఆయనకు నాలుగైదు రాకలు పట్టింది. పెద్దన్న ప్రతిసారీ ఒకే ప్రశ్న: "అదంతా యాడుంటాదప్పా?" ఆయన చూపుడువేలు పైకెత్తేవాడు. సరిగ్గా మా కొట్టులో ఫ్యాను ఉన్న వైపు. పెద్దన్న ఫ్యాను వంక చూసేవాడు. "ఫ్యాను మింద కాదన్నా, దానికన్నా దూరం. నీ కొట్టు మునిగినా, కాలినా, ఎలుకలు కొరికినా దానికేం కాదు. యాడికీ పోదు." కొనాల్సిన పని కూడా లేదని, వాడినన్ని నెలలకు బాడుగ ఇస్తే చాలని చెప్పాడు. ఇల్లు బాడుగకు తీసుకున్నట్టే కదా అని పెద్దన్నకు అది నచ్చింది. చివరికి ఒకనాడు ఆయన కాగితాలు తీసి సంతకం పెట్టమంటే పెద్దన్న వాటిని వెనక్కి నెట్టి, లోపలినుంచి తాంబూలం తెప్పించి ఆయన చేతిలో పెట్టాడు. మాట ఇచ్చిన తర్వాత కాగితమేంటని పెద్దన్న ఉద్దేశం. ఆయన తాంబూలం కళ్ళకద్దుకుని, కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

సమాచారమంతా ఎక్కించే పని నాది. ఫోను తీగ పీకి కంప్యూటరుకు తగిలిస్తే కాసేపు కీచుమని అరిచి కలిసేది. తెర మీద వరుసగా గళ్ళు. చీర, రంగు, అంచు, ఏ మగ్గం, వార్పు ఎక్కించిన రోజు, అయిపోయే రోజు. ఒక గడి నేతగాడి పేరుకు. చివర్లో ఇంకొక గడి, పొడుగ్గా ఉండేది, మనిషి గురించి మనకు తెలిసింది రాసుకోవడానికి.

పేరు గడి దగ్గర నేను ఆగాను. పెద్దన్నను పిలిచి చూపించాను. పెద్దన్న కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసి నవ్వాడు.

"మిషన్‌కు చెప్తే ఏమప్పా? అదేమన్నా చీర బేరం చేసేదానికొచ్చిందా?"

మా వీధిలో ఎవరినడిగినా ఆ మాటే అనేవారు. చుట్టానికి చెప్పని పేర్లు, వియ్యంకుడికి చెప్పని పేర్లు యంత్రానికి చెప్పాం. యంత్రం మనిషి కాదు కాబట్టి అది చెప్పడం కిందికి రాదనుకున్నాం. ఆయన నా పక్కన కూర్చుని గింజలు అందిస్తూ, "ఖాళీ పెట్టొద్దన్నా. ఒక్క గడి ఖాళీగా ఉన్నా అది ముందుకు పోదు" అనేవాడు. ఆ పొడుగు గడిని చూపించి, "ఇది బంగారమన్నా. నీయట్ల చదివినోడు రాస్తేనే దీనికి విలువ" అనేవాడు.

రాశాను. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో, అదీ పొట్టి చేసి, మూడు అక్షరాలకు ఒకటి కొట్టేవాణ్ణి. పెద్దన్న కొడుకుకు కూడా అవి అర్థమయ్యేవి కావు. ఆయన మాత్రం ఒకపూట నా పక్కన కూర్చుని, అడిగి అడిగి నేర్చుకుని, తర్వాత గడగడా చదివేవాడు. "నీ లిపి నాకొక్కడికే వచ్చునన్నా" అని మురిసిపోయేవాడు.

గంగులమ్మ గురించి రాసింది నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది. గంగులమ్మ, ఆమె భర్త ఓబులేసు ఊరి చివర వీధిలో నేసేవారు. అతనికి నడుము నొప్పి వచ్చాక మగ్గంలో ఆమే కూర్చునేది. అంచు రంగును చీర ఒంటి రంగుతో అతుకు కనపడకుండా కలిపే పని ఆమెకు వచ్చినట్టు మా మగ్గాలలో ఇంకెవరికీ రాదు. నేను ఆమె గడిలో ఇలా రాశాను: 'అంచు పని ఈమెకే ఇవ్వాలి. నలుపు, ముదురు నీలం ఇవ్వవద్దు, పొద్దువాలితే కండ్లు కనపడవు. తనంతట తాను అడగదు. మనమే చూసుకోవాలి.'

ఇక లాభాలు. ఆ వారపత్రిక రాసినవన్నీ మాకు వచ్చాయి, దాచిపెట్టను. పెద్దన్న బామ్మర్ది బెంగళూరులో చిన్న కొట్టు నడిపేవాడు. అంతకుముందు అతను ఒకరికి మాటిచ్చిన చీరను మేమిక్కడ ఇంకొకరికి అమ్మేసేవాళ్ళం, ఫోనులో బావా బామ్మర్దులు తిట్టుకునేవారు. ఇద్దరూ ఒకే లెక్క చూడటం మొదలయ్యాక ఆ తిట్లు ఆగిపోయాయి. ఒకసారి పెద్దన్న లేపాక్షిలో బంధువుల పెళ్ళికి పోయి, మధ్యలో హిందూపురం ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ఓబులేసు ఇంట్లో వార్పు అయిపోవచ్చిందని చూసి, నాకు ఫోను చేసి కొత్తది పంపించమన్నాడు. అంతకుముందైతే ఆయన వచ్చేదాకా మగ్గం ఊరికే ఉండేది. మగ్గం ఊరికే ఉంటే ఆ ఇంట్లో పొయ్యి కూడా ఊరికే ఉన్నట్టే. గంగులమ్మ ఆ రోజు వార్పు అందుకుంటూ, అడగకముందే వచ్చిందేమప్పా అని ఆశ్చర్యపోయింది. జేబాయప్ప పుణ్యమని చెప్పాను.

అన్నింటికన్నా పెద్దది, మా కంప్యూటర్ కాలిపోయిన రోజు. కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి, ఒక్కసారిగా వచ్చి, లోపల ఏదో మాడిన వాసన వచ్చింది. పెద్దన్న కొట్టు మెట్ల మీద కూలబడ్డాడు. జేబాయప్ప ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాడు. మమ్మల్ని ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకుపోయి, చెప్పులు విప్పి, కూర్చుని తెరిచాడు. గళ్ళన్నీ ఉన్నాయి. ప్రతి చీరా, ప్రతి వార్పూ, ప్రతి పేరూ. ఆయన వేలు పైకెత్తాడు, అంతే. పెద్దన్న ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. సాయంత్రం పట్టు ఉత్తరీయం కప్పి, ఇంట్లో అన్నం పెట్టాడు. ఆ రోజు కూడా ఆయన నీళ్ళు అర గ్లాసే తాగాడు.

ఆ తర్వాత ఒక ఏడాది ఆయన రావడం తగ్గింది. కంపెనీలో పని ఎక్కువైందని చెప్పేవాడు. తర్వాత ఫోను కూడా ఎత్తలేదు. గళ్ళు మాత్రం మామూలుగా తెరుచుకునేవి.

అప్పుడు మా నేతగాళ్ళు ఒక్కొక్కరే పోవడం మొదలుపెట్టారు. బెంగళూరు పెద్ద కొట్టు ఒకటి మా ఊళ్ళో శాఖ తెరిచింది. అది మామూలే, ఎవరో ఒకరు తెరుస్తూనే ఉంటారు, నేతగాళ్ళు అటూ ఇటూ పోతూనే ఉంటారు. కానీ వీళ్ళు పోయిన తీరు వేరు. మంచి చేయి ఉన్నవాళ్ళే పోయారు. మామూలు పనివాళ్ళ గడపకు ఆ కొట్టు మనిషి పోలేదు. మర్యాద తప్పి, మా వార్పు ఉండగా పోనూ లేదు. వార్పు అయిపోయిన పూటే కొత్త వార్పు పట్టుకుని గడప ముందు నిలబడేవాడు. పంచాయతీ పెట్టి అడగడానికి మాకు ఒక్క తప్పు దొరకలేదు.

పెద్దన్న నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. ఎవరి మీదా అరవలేదు. మెల్లగా అడిగాడు. "మనం ఎప్పుడూ ఎవురికీ చెప్పలేదు గదప్పా?"

అప్పటికీ పెద్దన్న దృష్టిలో యంత్రానికి చెప్పడం చెప్పడం కాదు. నేను తల అడ్డంగా ఊపాను. నాకూ అప్పటిదాకా అనుమానం రాలేదు.

ఆ వారమే గంగులమ్మ వార్పు అయిపోవాలి. నేనే కొత్తది మోసుకుని పోయాను. పోయేసరికి మగ్గం మీద వేరే వార్పు ఉంది. లేత పసుపు. గంగులమ్మ మగ్గం గుంటలోంచి లేవలేదు, నా ముఖం చూడలేదు. ఓబులేసు గోడకు ఆనుకుని, మీరు రేపు కదా వచ్చేది, వాళ్ళు పొద్దున్నే వచ్చినారని సంజాయిషీలా చెప్పాడు. నేను నా వార్పు కిందికి దించి, మా దగ్గర ఏం తక్కువైందని అడిగాను. గంగులమ్మ అప్పుడు చేయి ఆపింది.

"ఏం తక్కువ లేదప్పా. ఆ వచ్చినాయప్ప ఒగ మాటన్నాడు. నీకు నలుపు ఇయ్యంలేక్కా, పొద్దువాలితే కండ్లకు కష్టం గదా అన్నాడు. నువ్వు అడగవంట, మేమే చూసుకుంటాములే అన్నాడు." పోగు సవరించుకుని, "నా కండ్ల సంగతి మీ పెద్దన్నకూ నీకూ తప్ప ఎవురికీ తెల్దు. నా కూతురికి గూడా చెప్పలే. మీరే చెప్పి పంపినారేమో అనుకుంటి" అంది.

నేను రాసిన వాక్యం నాకు ఎదురొచ్చింది. వరుస కూడా మారలేదు.

ఆ వార్పు మళ్ళీ భుజాన వేసుకుని కొట్టుకు వచ్చాను. మొదట కంప్యూటర్ తెరిచి చూశాను. గంగులమ్మ గడి ఉంది, అందులో నా పొట్టి అక్షరాలు ఉన్నాయి. ఆ అక్షరాలను విడదీసి చదవగలిగినవాడు నేను కాక లోకంలో ఇంకొక్కడే.

స్టేషన్ రోడ్డులో ఆ పెద్ద కొట్టు శాఖ. మేడ మీద ఆఫీసు. నేను అనుకున్నట్టే ఆయన అక్కడ కూర్చుని ఉన్నాడు. దాక్కోలేదు, తడబడలేదు. బల్ల మీద శనక్కాయలు ఉన్నాయి. "రాన్నా లైబ్రరీ, కూర్చో" అని కుర్చీ జరిపి, గింజలు వలిచి నా చేతిలో పోశాడు. నేను వాటిని పట్టుకుని కూర్చున్నాను.

గంగులమ్మ వార్పు ఎప్పుడు అయిపోతుందో వీళ్ళకు ఎలా తెలిసిందని అడిగాను.

"మా కంపెనీని వీళ్ళు కొన్నారన్నా. కంపెనీలో ఉండేదంతా వచ్చె. నేనూ దాంతోనే వచ్చినా" అన్నాడు, బస్సు మారి వచ్చానని చెప్పినట్టు.

"అది మాది."

"మీదే. ఎవురు కాదన్నారు? పోయి తెరిచి చూడు. ఒక్క గడన్నా తగ్గిందేమో చూడు."

చూసే వచ్చాను. తగ్గలేదు. బీరువాలోంచి చీర పోతే అరలో సందు కనపడుతుంది, పోలీసులకు ఆ సందు చూపించవచ్చు. నేను చూపించడానికి ఏముంది?

"యాడికీ పోదని చెప్పినా. పోయిందా?" అన్నాడు.

ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. నేను, కంపెనీని కొన్నారు, గళ్ళు వచ్చాయి, సరే, ఆ గడిలో నా రాత వాళ్ళకు చదివి పెట్టింది ఎవరని అడిగాను. ఆయన వలుస్తున్న కాయ దగ్గర వేళ్ళు ఆగాయి. కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. తర్వాత కాయ వలిచి, తొక్క జేబులో వేసుకున్నాడు.

"మంచి మాట రాసినావన్నా. చదివినోడు ఎవుడైనా ఆమెకు మంచే చేస్తాడు. మంచి మాట ఒగరి దగ్గరే ఉండాల్నా?" అన్నాడు. "లైబ్రరీలో పుస్తకం నువ్వు చదివినావని ఇంగొగరికి లేకుండా పోతాందా, నువ్వే చెప్పు."

నేను గొప్పగా చెప్పుకునే దాన్నే తీసి నా ముందు పెట్టాడు. మెట్లు దిగి, రైలు గేటు దాటి, సగం దూరం వచ్చాక జవాబు తోచింది. గ్రంథాలయంలో పుస్తకం రాసినవాడు అందరూ చదవాలనే రాస్తాడు. నేను రాసింది గంగులమ్మకు పొరపాటున కూడా నల్ల వార్పు పోకూడదని. దాన్ని ఆయన ఆ ఇంటి గడప దాటడానికి తాళంచెవి చేశాడు. ఈ మాట చెప్పడానికి వెనక్కి పోదామనుకున్నాను. పోలేదు. పిడికిలి విప్పి చూస్తే గింజలు చెమటకు తడిసి ఉన్నాయి. రోడ్డు పక్కన వదిలేశాను.

ఆయన మారిపోయి ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు. తొక్కలు నేల మీద విసిరేసినా, నన్ను గుర్తుపట్టనట్టు నటించినా, ఇంటికొచ్చి పదిమందికి చెప్పి తిట్టుకునేవాణ్ణి. లేచి వచ్చేటప్పుడు ఆఫీసు కుర్రాడు ఆయనకు నీళ్ళు తెచ్చాడు. ఆ మేడ మీద నీళ్ళకు కరువు లేదు. అయినా ఆయన అర గ్లాసే తాగి, మిగతాది కుర్రాడికి తిరిగిచ్చాడు. మాకు నచ్చిన మనిషీ ఆయనే, మమ్మల్ని అమ్మిన మనిషీ ఆయనే. వీళ్ళిద్దరినీ విడదీయడానికి ఎన్నిసార్లు ప్రయత్నించినా నాకు అతుకు దొరకలేదు.

కొన్నాళ్ళకు ఆయన మా ఊరి నుంచి కూడా పోయాడు. ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియదు. పెద్దన్న కొట్టు మూతపడలేదు గానీ చిక్కిపోయింది. మెడ మీద తుండుగుడ్డ వేసుకుని మెట్ల మీద కూర్చోవడం తప్ప ఆయనకు ఇప్పుడు పెద్ద పని లేదు. గంగులమ్మ ఆ కొట్టుకే నేస్తోంది. బజారులో ఎదురైతే మాట్లాడుతుంది. ఇప్పటిదాకా వాళ్ళు ఆమెకు ఒక్క నల్ల వార్పు ఇవ్వలేదట. నా వాక్యం అక్కడ ఇంకా పని చేస్తూనే ఉంది. సంతోషించాలో ఏడవాలో తెలియక, మంచిదక్కా అని వచ్చేస్తాను.

ఈ ఏడాది పెద్దన్న కొడుకు మళ్ళీ అలాంటి సాఫ్ట్‌వేరే పెట్టించాడు. నేను వద్దనలేదు. మగ్గం ఖాళీగా ఉండకూడదు, కాలిపోయే కంప్యూటర్‌ను నమ్ముకోకూడదు. వారపత్రిక రాసిన లాభాలలో ఒక్కటీ అబద్ధం కాదు. అమ్మడానికి వచ్చిన కుర్రాడు చెప్పులతోనే లోపలికొచ్చాడు, నిండు గ్లాసు తాగాడు. నాకు కొంచెం ధైర్యంగా అనిపించింది. తెర మీద అవే గళ్ళు. పేరు గడి వదిలేస్తే ముందుకు పోలేదు. ప్రతి వరుసలోనూ, ఏ చీరకైనా, ఏ మగ్గానికైనా, 'మా ఇంటి చీర' అని కొట్టాను. అది ఒప్పుకుని ముందుకు పోయింది. పొడుగు గడిలో ఒక చుక్క పెట్టాను.

మొన్న గ్రంథాలయంలో నేను ఆ పేజీ తిప్పకుండా అలాగే కూర్చుంటే, ఎదురుగా కూర్చుని రోజూ పేపరు చదివే రిటైర్డ్ మాస్టారు చూసి, ఏముందప్పా అంత ఇదిగా చదువుతున్నావని అడిగాడు. పత్రిక ఆయన వైపు తిప్పి, ఇందులో ఉన్నదంతా ఒక మనిషి మాకు ఎప్పుడో చెప్పాడన్నాను. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ఒక పేరా చదివాడు.

"ఈ సంగతులు అప్పుడే తెలిసినోడంటే గట్టోడే. ఎవురప్పా ఆయప్ప? ఈ ఊరోడేనా?"

పేరు నాలుక చివరి దాకా వచ్చింది. పేరు చెప్పడానికి, ఆయన చేసిన పని చెప్పడానికి, ఊరంతా తెలిసేలా చెప్పడానికి నాకు హక్కు ఉంది. మాస్టారు జవాబు కోసం చూస్తున్నాడు. నేను పత్రిక మడిచి బల్ల మీద పెట్టాను.

"మా ఇంటి మనిషే" అన్నాను.